పాత ఉత్తరాలు చదవడం – 4వ పాఠం: బార్‌ట్రమ్ కుటుంబం తేదీలు

ఈసారి విత్తనాల జాబితాలు చదవాలి. అది వచ్చే పాఠానికి వాయిదా. ఫిలడెల్ఫియా దగ్గరి వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ బార్‌ట్రమ్, లండన్ వర్తకుడు పీటర్ కాలిన్సన్ 18వ శతాబ్దంలో ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలను వరసలో పెట్టమని పోయినసారి అడిగాను. చాలామంది జవాబుల్లో ప్రశ్న కంటే సమాధానం ముందొచ్చింది. కొందరి లెక్కలో ఓక్ కాయలు ఆగస్టులోనే రాలిపోయాయి. చేతిరాత అందరూ బాగానే చదివారు, తడబడింది తేదీ దగ్గరే.

జాన్ క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖ) కుటుంబంలో పుట్టినవాడు. జనవరి, మార్చి లాంటి పేర్లు అన్యదేవతలవని క్వేకర్లు వాటిని వాడేవారు కాదు. '2వ నెల 9' అని అంకె వేసేవారు. మనం వెంటనే ఫిబ్రవరి అనేసుకుంటాం. 1752కి ముందు అది తప్పు. అప్పటి ఇంగ్లండ్‌లోనూ దాని వలసల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, క్వేకర్లకు మొదటి నెల మార్చి. కాబట్టి 2వ నెల ఏప్రిల్, 8వ నెల అక్టోబర్, 12వ నెల ఫిబ్రవరి. మన పంచాంగంలోనూ అంతే కదా: జనవరిలో పుట్టిన బిడ్డకు ఉగాది రాలేదు కాబట్టి పాత సంవత్సరం పేరే రాస్తాం. అలాగే '11వ నెల 1738' అంటే మన లెక్కలో 1739 జనవరి.

ఈ పొరపాటు నాకు చాలా చిరాకు తెప్పిస్తుంది, ఎందుకంటే అచ్చు పుస్తకాల్లోకీ పాకింది. జాన్ కొడుకు విలియమ్, అతని కవల తోబుట్టువు ఎలిజబెత్ పుట్టింది 1739లో, 2వ నెల 9న. కొన్ని పుస్తకాలు దాన్ని ఫిబ్రవరి 9 చేసేశాయి. నిజానికి అది పాత లెక్కలో ఏప్రిల్ 9. దానికి 11 రోజులు కలిపితే నేటి లెక్కలో ఏప్రిల్ 20.

ఆ 11 రోజుల సంగతి. 1752లో ఇంగ్లండ్, దాని వలసలు పాత (జూలియన్) లెక్క వదిలి నేటి (గ్రెగోరియన్) లెక్కకు మారాయి, అందుకే సెప్టెంబర్ 2 తర్వాతి రోజును 14 అన్నారు. ఆ ఏటి నుంచే సంవత్సరం జనవరి 1న మొదలైంది, క్వేకర్లూ జనవరిని 1వ నెల చేసుకున్నారు. అంటే 1740లో '8వ నెల' అక్టోబర్, 1760లో '8వ నెల' ఆగస్టు. రాసిన చెయ్యి అదే, అంకె అదే, నెల మాత్రం వేరు. ముందు సంవత్సరం చూడండి, తర్వాతే నెల.

వరస పెట్టేటప్పుడు నేను 11 రోజులు కలపను. లండన్, ఫిలడెల్ఫియా ఒకే లెక్కలో ఉన్నాయి కాబట్టి అనవసరపు శ్రమ. హాలండ్‌లోని లైడెన్ నుంచి వృక్షశాస్త్రజ్ఞుడు గ్రోనోవియస్ రాసిన ఉత్తరం మధ్యలోకి వస్తే మాత్రం మిగతా ఉత్తరాల తేదీలకు కలపాలి, హాలండ్ అప్పటికే కొత్త లెక్కలో ఉంది. అసలు తేదీని ఎప్పుడూ కొట్టేయకండి, పక్కన పెన్సిల్‌తో నేటి తేదీ రాసుకోండి.

అనుమానం తీరకపోతే క్యాలెండర్ పక్కన పెట్టి మొక్కను అడగండి. నేను ముందు చేసేది అదే. కాయలు ఏరానన్న ఉత్తరానికి మీరు వేసిన తేదీ ఆ చెట్టు పూతకాలంలో పడితే నెల తప్పు చదివినట్టే. జాన్ శరత్తులో విత్తనాలు పోగుచేసి పెట్టెలకెత్తి ఓడ ఎక్కించేవాడు. లండన్‌లో కాలిన్సన్ వాటిని పెట్టె ఐదు గినీల (అప్పటి ఇంగ్లండ్ బంగారు నాణేల) చొప్పున తోటల యజమానులకు చేర్చేవాడు. ఓడ ప్రయాణానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేవి. జాబు బయల్దేరిన వారంలోపే జవాబు వచ్చిందంటే మీ వరస మళ్లీ చూడండి.

మార్చి 1 నుంచి 24 వరకు ఇంకో చిక్కు ఉంది: నెల అంకె మొదటిది, సంవత్సరం పాతది. '1739/40' అని రెండేళ్లూ రాసినచోట రెండో ఏడాదే మనది. రాయనిచోట ఉత్తరంలోని విషయాన్ని బట్టి తేల్చాలి.

సాధన. ఇవి అభ్యాసం కోసం నేను తయారుచేసిన తేదీలు: 12వ నెల 20, 1739; 6వ నెల 15, 1756; 1వ నెల 10, 1739/40; 10వ నెల 4, 1739; లైడెన్ నుంచి మార్చి 1, 1740. కాలక్రమంలో పెట్టండి. చివరిదాన్ని పాత లెక్కలోకి సరిగ్గా మార్చాలంటే 1740 లీపు సంవత్సరమని గుర్తుండాలి. వరసతో పాటు ప్రతి తేదీకీ కారణం కూడా రాయండి.