కట్టేసిన లోను సిబిల్‌లో ఇంకా బాకీగా ఉంటే: ఉత్తరం ఎవరికి, ఎట్లా పెట్టాలి

అనంతపురంలో బైకు ఫైనాన్సుకు పోయినా, ఇంటి లోనుకు పోయినా మొదట చూసేది సిబిలే, అంటే మీరు అప్పులు ఎట్లా కట్టారో చెప్పే రిపోర్టు, దాని మీద వేసే స్కోరు. "మీకు సిబిల్ రాలేదు" అని పంపించేస్తే మేనేజరును బతిమాలి లాభం లేదు. రిపోర్టు తెచ్చుకోండి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ - ఈ నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీయండి, ఒకదాంట్లో ఉన్న తప్పు ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు.

లోను తీరిపోయింది, రిపోర్టులో మాత్రం బాకీ ఉంది

కట్టి పదిరోజులే అయితే అది తప్పు కాదు. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలి, అంతవరకు ఆగండి. నెల దాటినా మారలేదంటే కారణం బ్రాంచిలోనే ఉంటుంది. అసలు, వడ్డీ కట్టినా ఏదో చార్జీ కింద కొద్ది రూపాయలు మిగిలి ఖాతా మూసి ఉండరు. బాకీ ఏమీ లేదని రాసిచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ అడగండి, ఇవ్వడానికి తటపటాయిస్తే విషయం అక్కడే బయటపడుతుంది.

పాత పంట రుణాలకు ఇంకో చిక్కుంది: రిపోర్టులో ఉన్న బ్యాంకు పేరు ఇప్పుడు లేదు. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో 2020 ఏప్రిల్ 1న కలిశాయి. కడప కేంద్రంగా నడిచిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. ఉత్తరం ఇప్పటి బ్యాంకుకే రాయాలి. పాత ఖాతా నంబరు, పాత బ్రాంచి పేరు మాత్రం తప్పకుండా వేయండి.

నేను తీసుకోని లోను నా పేరు మీద ఉంది

ముందు గుర్తు చేసుకోండి, బావమరిదికో పక్కింటాయనకో షూరిటీ సంతకం పెట్టారా? అయితే అది మీ రిపోర్టులో ఉండాల్సిందే. లేకపోతే అదే పేరు, అదే ఇంటిపేరు ఉన్న మరొకరి లోను మీకు అతుక్కుని ఉంటుంది. పాన్ నంబరు, పుట్టిన తేదీ పోల్చితే తెలిసిపోతుంది. రెండూ మీవే అయి లోను మీది కాకపోతే అది మోసం. పోలీసు ఫిర్యాదు నకలు కూడా జతచేయాలి.

'సెటిల్డ్' అని పడింది

ఓటీఎస్‌లో, అంటే బ్యాంకుతో మాట్లాడుకుని ఒకేసారి తేల్చుకునే పద్ధతిలో, తగ్గించి కట్టారా? అయితే ఆ మాట నిజమే, దాని మీద ఎన్ని ఉత్తరాలు రాసినా పోదు. అప్పుడు బ్యాంకు వదిలేసిన మొత్తం కూడా కట్టేసి ఖాతాను 'క్లోజ్డ్' చేయిస్తారేమో బ్యాంకును అడగడం ఒక్కటే దారి.

సిబిల్‌కు ఉత్తరం రాసినా ఏమీ మారలేదు

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ముంబైలోని సిబిల్ మీ లోను సంగతి సొంతంగా ఎరగదు, బ్యాంకు పంపింది అచ్చేస్తుంది. బ్యాంకు ఒప్పుకోనిదే అక్షరం మార్చదు. కాబట్టి ఒకే తేదీతో రెండు ఉత్తరాలు కావాలి, ఒకటి సిబిల్‌కు, ఒకటి బ్యాంకుకు. సిబిల్ వెబ్‌సైటులో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, ఉత్తరం దానికి తోడు.

ఉత్తరంలో మీ కష్టాలు వద్దు. రిపోర్టు తేదీ, దాని మీది కంట్రోల్ నంబరు, లోను ఖాతా నంబరు, రిపోర్టులో ఏముంది, ఏముండాలి - ఇంతే. నో డ్యూస్, పాన్ జిరాక్సులు సంతకం చేసి పెట్టండి, అసలు కాగితాలు పంపొద్దు. జిరాక్సు మీద అడ్డంగా "సిబిల్ ఫిర్యాదు కోసం మాత్రమే" అని రాస్తే ఇంకోచోట వాడకుండా ఉంటుంది.

పోస్టాఫీసులో రిజిస్టర్ పోస్టు లేదంటున్నారు

నిజమే చెబుతున్నారు. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టు తీసుకుని, దానికి 'రిజిస్ట్రేషన్' కావాలని నోటితో అడగాలి. అదనంగా 5 రూపాయలు, జీఎస్టీ పడతాయి. అప్పుడు చిరునామాదారుకో, ఆయన అధికారమిచ్చిన మనిషికో మాత్రమే ఇస్తారు.

రసీదు ఎండకు, వేడికి వెలిసిపోతుంది. అనంతపురం ఎండల సంగతి చెప్పాలా! అదేరోజు జిరాక్సు తీయండి. డెలివరీ అయిందని ట్రాకింగ్‌లో కనిపించగానే ఆ పేజీ కూడా ప్రింటు తీసి దాచండి.

బ్రాంచి ఊళ్లోనే ఉంటే పోస్టెందుకు? రెండు కాపీలు తీసుకుపోయి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే మాత్రం పోస్టులో పంపండి, ఫిర్యాదులు చూసే బ్యాంకు నోడల్ అధికారికి ఇంకో కాపీ పెట్టండి.

నెల దాటింది, జవాబు లేదు

రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు ఆదేశం ప్రకారం ఫిర్యాదు 30 రోజుల్లో తేలాలి. అందులో బ్యాంకు తన వివరాలు పంపడానికి 21 రోజులే. దాటితే ఆలస్యం ఎవరిదైతే వారు రోజుకు 100 రూపాయలు మీకివ్వాలి. స్కోరు తక్కువ వేశారనే ఫిర్యాదుకు మాత్రం ఇది వర్తించదు.

ఆపైన రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్, అంటే ఇట్లాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో గానీ, చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల కేంద్రానికి పోస్టులో గానీ పంపొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కరలేదు. 2022 నుంచి సిబిల్ లాంటి క్రెడిట్ సమాచార సంస్థల మీద కూడా ఇక్కడ ఫిర్యాదు తీసుకుంటున్నారు. దాచిన రసీదు, ట్రాకింగ్ ప్రింటు జతచేయండి. పరిహారం పడాలంటే మీ బ్యాంకు ఖాతా నంబరు కావాలి కాబట్టి, దాన్ని మొదటి ఉత్తరంలోనే రాయండి.