విశాఖ మేడ మీద నుంచి క్వాసర్ వెలుగులో మార్పులు కొలవడం ఎలా?

మార్చి నెలాఖరులో రాత్రి పది గంటలకు మేడెక్కండి. ఉత్తర ఫల్గుణి నక్షత్రం (ధ్రువ నక్షత్రం కాదు) నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. చిత్త ఆగ్నేయంగా, సముద్రం మీద నుంచి పైకి వస్తూ ఉంటుంది. ఆ రెంటికీ ఇంచుమించు సగం దూరంలో, ఉత్త కంటికి ఏమీ కనపడని చోట, 3సి 273 అనే క్వాసర్ ఉంది. దూరం సుమారు 240 కోట్ల కాంతి సంవత్సరాలు. వెలుగును కొలిచే అంకె, అంటే మాగ్నిట్యూడ్, 12.9 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి ఎనిమిది అంగుళాల టెలిస్కోపుకు కెమెరా తగిలిస్తే హాయిగా చిక్కుతుంది. మాగ్నిట్యూడ్ అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు, అది మరిచిపోవద్దు.

క్వాసర్ అంటే గెలాక్సీ నడిబొడ్డున ఉన్న పెద్ద కృష్ణబిలం చుట్టూ సుడి తిరుగుతూ వేడెక్కిన వాయువు వెలుగు. అది స్థిరంగా ఉండదు. ఏ మార్పూ కాంతి కంటే వేగంగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పాకలేదు. కాబట్టి ఒక్క రోజులో వెలుగు గణనీయంగా మారిందంటే, మోటు లెక్కన ఆ వెలిగే చోటు ఒక కాంతి దినం కంటే, అంటే 2,590 కోట్ల కిలోమీటర్ల కంటే, పెద్దది కాదన్నమాట. మన టెలిస్కోపుకు చుక్కగా తప్ప కనిపించని వస్తువు సైజును గడియారంతో అంచనా కట్టడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి.

దేన్ని చూడాలి?

మొదట 3సి 273తోనే మొదలుపెట్టండి. ఫిబ్రవరి నుంచి మే దాకా వీలు. నెమ్మదిగా మారుతుంది, వారానికి ఒకటి రెండు రాత్రులు చాలు. చెయ్యి తిరిగాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బీఎల్ లాసెర్టే పట్టండి. ఇదీ క్వాసర్ లాంటి గెలాక్సీ కేంద్రకమే. 1929లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త హాఫ్‌మైస్టర్ దీన్ని మామూలు చంచల నక్షత్రం, అంటే వెలుగు మారే నక్షత్రం, అనుకున్నాడు. అది రేడియో తరంగాలు వెలువరించే వస్తువని 1968లో గాని తేలలేదు. ఇది ఒక్క రాత్రిలోనే కొలవదగినంత మారగలదు, కాబట్టి చూసే ప్రతి రాత్రీ వీలైనన్ని గంటలు చూడాలి.

చోటు, సరంజామా

మన ఊళ్లో పోర్టు దీపాల వైపు ఆకాశం తెల్లబారి ఉంటుంది, సముద్రం వైపు నయం. అయినా వస్తువు దిగంతం నుంచి 40 డిగ్రీలు పైకి వచ్చేదాకా ఆగండి, కింద గాలి మందం ఎక్కువ. అసలు శత్రువు చెమ్మ. యోగా మ్యాట్ ముక్కను గొట్టం మూతికి చుట్టి ముందుకు సాగేలా కట్టండి, మంచు పట్టడం చాలా తగ్గుతుంది. ఉప్పుగాలి తగిలిన స్టాండును తడిగుడ్డతో తుడవండి. అద్దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

1840లోనే గొడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల పెట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని ఇదే ఊరి నుంచి పరిశీలించారు. మేడ మీద టెలిస్కోపు మన ఊరికి కొత్తేమీ కాదు.

ఫోటోలు

వీలైతే వీ ఫిల్టర్ (ప్రధానంగా ఆకుపచ్చ, పసుపు వెలుగును పోనిచ్చే గాజు) వాడండి. రంగుల కెమెరా అయితే ఆకుపచ్చ చానల్ ఒక్కటే విడదీసుకోండి. ఒక్కోటి 60 సెకన్ల చొప్పున పది ఫోటోలు తీయండి. మూత పెట్టి అంతే సేపు డార్క్ ఫ్రేములు తీయండి. సాయంత్రం వెలుగు ఉండగానే ఉతికిన తెల్ల పంచె మడిచి గొట్టం మూతికి బిగించి ఫ్లాట్ ఫ్రేములు తీసుకోండి. ఫ్లాట్లు మానేస్తే ఫోటో అంచున ఉన్న నక్షత్రం అసలు కంటే మసకగా లెక్కకొస్తుంది.

కొలత

ఇక్కడ తొందరపడకండి. మనం కొలిచేది క్వాసర్ వెలుగును కాదు, అదే ఫోటోలో ఉన్న స్థిరమైన నక్షత్రానికీ దానికీ ఉన్న తేడాను. పలచటి మబ్బు వచ్చినా రెండూ కలిసి మసకబారతాయి, తేడా దాదాపు అలాగే నిలుస్తుంది. చంచల నక్షత్రాల పరిశీలకుల కోసం అమెరికాలో 1911లో పుట్టిన ఏఏవీఎస్ఓ సంస్థ వెబ్‌సైటులో వస్తువు పేరు కొడితే పోలిక నక్షత్రాల పటం ఉచితంగా వస్తుంది. పటంలో 119 అని ఉంటే 11.9 అని చదవాలి. చుక్కను చూసి నక్షత్రం అనుకుంటారని దశాంశ బిందువు పెట్టరు.

పోలిక నక్షత్రంతో పాటు ఇంకో స్థిర నక్షత్రాన్ని కూడా తప్పకుండా కొలవండి. నేను దాన్ని సాక్షి నక్షత్రం అంటాను. ఒకసారి వాన వెలిసిన మార్చి రాత్రి, ఆకాశం కడిగినట్టుంది. మరునాడు లెక్క తీస్తే క్వాసర్ వెలుగు ఏకంగా 0.18 మాగ్నిట్యూడ్ మేర పెరిగింది. గుండె ఝల్లుమంది. సాక్షి వరస చూశాను, అదీ సరిగ్గా 0.18 పెరిగింది. క్వాసర్, ఓ మామూలు నక్షత్రం కూడబలుక్కుని పెరగవు కదా. తప్పు పోలిక నక్షత్రంలో ఉంది. 120 సెకన్ల ఫోటోలో దాని నడి పిక్సెళ్లు కెమెరా లెక్కించగల గరిష్ఠం 65,535 దగ్గర నిండిపోయాయి, ఆపైన వచ్చిన వెలుగు లెక్కకు రాలేదు. పోలిక తగ్గింది కాబట్టి మిగతావన్నీ పెరిగినట్టు కనిపించాయి. ఆ రాత్రి కొలతలు పక్కన పెట్టేశాను. అప్పటి నుంచి 60 సెకన్లు దాటను.

లెక్క తీయడానికి ఆస్ట్రోఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక జాగ్రత్త. ఎన్‌జీసీ 4151 లాంటి దగ్గరి గెలాక్సీల్లో కేంద్రకం చుట్టూ గెలాక్సీ వెలుగు కూడా, సాఫ్ట్‌వేర్‌లో కొలత కోసం చుక్క చుట్టూ గీసే వలయంలో పడుతుంది. కొలిచే వలయం సైజు రాత్రికో రకంగా మారిస్తే ఆ మార్పే కేంద్రకం మార్పులా కనబడుతుంది. ఒక సైజు ఎంచుకుని ఏళ్ల తరబడి దానికే కట్టుబడండి.

రాసుకోవడం

మన గడియారం నుంచి 5:30 గంటలు తీసేస్తే అంతర్జాతీయ సమయం. ఖగోళ లెక్కలకు వాడే జూలియన్ రోజు మనకు సాయంత్రం 5:30కు మారుతుంది, కనుక మన రాత్రి మొత్తం ఒకే రోజు అంకె కింద వస్తుంది. సమయం, మాగ్నిట్యూడ్, లెక్కలో పొరపాటు ఎంత ఉండొచ్చో, ఫిల్టర్, పోలిక, సాక్షి విలువలు అన్నీ రాయండి. ఏమీ మారని రాత్రి కొలత కూడా రాయండి. 3సి 273 ఏమిటో 1963లో ఖగోళ శాస్త్రవేత్త మార్టెన్ ష్మిత్ గుర్తించాక, దాని పాత మార్పులు 1880ల దాకా దొరికాయి. ఎవరో వేరే పని మీద తీసి దాచిన ఫోటో ప్లేట్లలో దొరికాయవి.

జూన్ వస్తే మబ్బులు కమ్ముతాయి. గ్రాఫులో ఆ నెలల చోటు ఖాళీగానే వదలండి. రెండు వైపుల చుక్కల్నీ గీతతో కలపొద్దు.