మూత్రంలో యూరియా లెక్క తేడా కొడుతోందా? కిట్ మార్చే ముందు క్యాన్ మూత తీయండి

ల్యాబ్‌లో రీడింగ్ తేడాగా వచ్చిందనగానే కొత్త కిట్ (పరీక్ష రసాయనాల పెట్టె) విప్పేవాళ్ళే ఎక్కువ. ముందు ఒక్కటి చెప్పండి, శాంపిల్ పలుచన చేశారా? మామూలుగా రోజుకి 20 నుంచి 35 గ్రాముల యూరియా మూత్రంలో పోతుంది. లీటరున్నర మూత్రమైతే డెసిలీటరుకి 1300 మిల్లీగ్రాముల పైమాటే. మీ స్టాండర్డ్ (యూరియా ఎంతుందో ముందే తెలిసిన, పోల్చి చూసే ద్రావణం) 40, 50 దగ్గర ఉంటుంది. సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వేసినట్టే మూత్రాన్నీ నేరుగా వేస్తే ఏ కిట్ తట్టుకుంటుంది?

0.1 మి.లీ. మూత్రానికి 4.9 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి, వచ్చినదాన్ని 50తో గుణించండి. ఉద్దానం కిడ్నీ రోగుల మూత్రం నీళ్ళలా ఉంటే 20 రెట్లు చాలు. జీఎల్‌డీహెచ్ కైనెటిక్ పద్ధతిలో (ఎన్ఏడీహెచ్ అనే రసాయనం తరిగే వేగాన్ని బట్టి యూరియా లెక్కకట్టేది) చిక్కటి మూత్రం వేస్తే లెక్క ఎక్కువ రావాల్సింది పోయి తక్కువ వస్తుంది. రీడింగ్ మొదలయ్యేలోపే ఎన్ఏడీహెచ్ అయిపోతుంది మరి. డాక్టరు అడిగింది యూరియానా, యూరియా నైట్రోజనా అన్నదీ చూసుకోండి. రెండింటికీ మధ్య 2.14 రెట్ల తేడా.

పలుచన సరే, కంట్రోల్ (విలువ ముందే తెలిసిన శాంపిల్) సరే, అయినా బెర్తెలాట్ పద్ధతిలో ఎక్కువ, డామ్ (డయాసిటైల్ మోనాక్సిమ్) పద్ధతిలో తక్కువ

అసలు దొంగ ఇక్కడున్నాడు: అమ్మోనియా. బెర్తెలాట్ యూరియాని నేరుగా కొలవదు. యూరియేజ్ అనే ఎంజైమ్ యూరియాని విరగ్గొడితే వచ్చే అమ్మోనియాకి రంగు తెప్పిస్తుంది. శాంపిల్లో ముందే ఉన్న అమ్మోనియా కూడా ఆ రంగులో కలిసిపోతుంది. రక్తంలో అది లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి సీరమ్ కోసం రాసిన కిట్ కాగితంలో దాని ఊసుండదు. మూత్రంలో అలా కాదు, తాజా మూత్రంలోనే కొంత ఉంటుంది. ఇక మే నెల ఎండలో సోంపేట నుంచో కవిటి నుంచో బస్సులో శ్రీకాకుళం చేరిన 24 గంటల మూత్రం పట్టిన క్యాన్ సంగతి చెప్పక్కర్లేదు. ప్రోటియస్ లాంటి బ్యాక్టీరియా దారిలోనే యూరియాని అమ్మోనియాగా మార్చేస్తుంది. డామ్ పద్ధతి మిగిలిన యూరియానే చూస్తుంది కాబట్టి అక్కడ తగ్గుతుంది.

మూత తీయగానే ముక్కుకి ఘాటు తగులుతుంది. పీహెచ్ పేపర్ 8 దాటితే అనుమానం తీరినట్టే. యూరియేజ్ సీసా విడిగా ఉన్న కిట్ అయితే, అదే శాంపిల్‌తో యూరియేజ్ లేకుండా ఇంకో ట్యూబ్ పెట్టండి. ఉదాహరణకి రంగు చిక్కదనం (ఆబ్సార్బెన్స్) అసలు ట్యూబ్‌లో 0.42, ఇందులో 0.09 అయితే, మీ యూరియా రీడింగ్ 0.33.

తాజా శాంపిల్‌కి అంతే చాలు. కుళ్ళిన శాంపిల్‌కి మాత్రం ఆ తీసివేత పనికిరాదు. అప్పుడు వచ్చేది ఇప్పుడు మిగిలిన యూరియా, రోగి పోసినప్పటిది కాదు. తీసెయ్యకుండా వదిలేద్దామా అంటే, మూత వదులైతే అమ్మోనియా ఎంత ఎగిరిపోయిందో ఎవరికి తెలుసు? టెన్షన్ పడి లెక్కలు సర్దకండి, శాంపిల్ మళ్ళీ అడగండి. ఈసారి క్యాన్‌లో థైమాల్ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపేది) పలుకులు వేసి, మూత బిగించి ఐస్ డబ్బాలో పెట్టమని ఇంటివాళ్ళకి చెప్పండి.

యూరియేజ్ పద్ధతుల్లోనే తక్కువ, డామ్‌లో సరిగ్గా

ఎవరో షుగర్ టెస్ట్ బూడిదరంగు మూత ట్యూబులో పోసి పంపి ఉంటారు. అందులోని ఫ్లోరైడ్ యూరియేజ్‌ని పని చెయ్యనివ్వదు. మామూలు ట్యూబులో తెప్పించండి.

డామ్ గులాబీ రంగు వెలుతురుకి వెలిసిపోవడం, గదిలో అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడటం లాంటివీ ఉన్నాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే అటు వెళ్ళండి.