ఫోను మీదికి పోయే చేతిని ఆపుకోవడం ఎలా?

అమీర్‌పేటలో ఓ హాస్టల్ గది. మూడు మంచాలు, ఒకటే స్విచ్‌బోర్డు. రాత్రి పదకొండున్నరకు దీపం ఆర్పినా గది చీకటి అయ్యేది కాదు, మూడు ముఖాల మీద మూడు ఫోన్ల వెలుగు పడుతూ ఉండేది. ఉద్యోగ పరీక్షల కోసం నేను ఆ గదిలో రెండేళ్లు ఉన్నాను. పొద్దున అలారం ఆపుదామని ఫోను అందుకుంటే పక్క దిగేసరికి నలభై నిమిషాలు గడిచిపోయేవి. రేపటి నుంచి ముట్టుకోనని ఎన్ని రాత్రులు ఒట్టు పెట్టుకున్నానో లెక్కలేదు. ఒట్లతో కానిది ఎలా అయిందో, ఇరవైల్లో ఉన్న మీకోసం వరసగా చెబుతాను.

ముందు మనసులోంచి ఒక మాట తీసేయండి: ‘నాకు పట్టుదల లేదు.’ బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి తేలింది. పెట్టె గోడకున్న బిళ్లను ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ పడటం అలవాటైన పావురం, గింజలు ఆగిపోతే త్వరగానే మానేస్తుంది. ఏ పోటుకు పడుతుందో తెలియనప్పుడు మాత్రం విడవకుండా పొడుస్తూనే ఉంటుంది. ఫోను తెరిస్తే ఒకసారి స్నేహితుడి సందేశం, పదిసార్లు ఏమీ ఉండదు. ఆ ‘ఉందేమో’ అన్న ఆశకే మెదడులో డోపమైన్ అనే రసాయనం కదులుతుంది. పైగా 2006లో ఎజా రాస్కిన్ అనే రూపకర్త, పేజీకి అడుగంటూ లేకుండా కిందికి జరుగుతూనే ఉండే పద్ధతిని తయారుచేశాడు. ఆగడానికి ఉన్న ఒక్క చోటూ అలా పోయింది. తర్వాత ఆయనే దాని గురించి బహిరంగంగా విచారపడ్డాడు.

ఇక పని మొదలుపెడదాం. మొదటి మూడు రోజులు ఏమీ మార్చవద్దు. చిన్న కాగితం మడిచి ఫోను కవరు వెనక పెట్టుకోండి. పనేమీ లేకుండా ఫోను తీశారని తెలిసిన ప్రతిసారీ సమయమూ, దానికి ముందు క్షణంలో మనసులో ఉన్నదీ రాయండి. ఎన్ని గంటలు చూశారన్నది రాయనక్కర్లేదు, ఆ లెక్క ఫోను సెట్టింగుల్లోనే ఉంటుంది. మనకు కావలసింది ఆ ముందు క్షణం.

నా గదిలోని కుర్రాడి కాగితం ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. ‘4.10 – లెక్క రాలేదు. 4.35 – అదే లెక్క. 5.05 – నాన్న ఫోను పెట్టేశాక.’ ఆ మూడో వరస దగ్గర పెన్ను ఒత్తి రాసి కాగితం కాస్త చిరిగింది. ఊళ్లో ఉన్న వాళ్ల నాన్న రోజూ సాయంత్రం ఫోను చేసి, చివర్లో ‘ఇంకా ఎన్నాళ్లురా?’ అని అడిగేవాడు. మూడో రోజు రాత్రి వాడు ఆ కాగితం నా చేతికిచ్చి, ‘అన్నా, ఫోను మీద ఇష్టంతో చూడటం లేదు. ఆ లెక్కంటే భయమేసి చూస్తున్నాను’ అన్నాడు. అసలు విషయమంతా ఆ మాటలో ఉంది. బాధను కాసేపైనా దూరం చేసే పనిని మనసు మళ్లీ మళ్లీ వెతుక్కుంటుంది. ఆ బాధ ఏమిటో తెలియకుండా ఫోను మానడానికి ప్రయత్నిస్తే నాలుగో రోజుకే ఆ అలవాటు తిరిగి వస్తుంది. అందుకే ఈ మూడు రోజులను దయచేసి దాటవేయకండి.

తర్వాత, కాగితంలో ఎక్కువసార్లు కనిపించిన రెండు కారణాలు తీసుకొని ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాసుకోండి: ‘ఇలా అయితే ఇది చేస్తాను.’ ‘లెక్క రాకపోతే ప్రశ్నను మళ్లీ చేత్తో రాస్తాను.’ ‘నాన్న ఫోను పెట్టేశాక టీ కొట్టు దాకా నడిచి వస్తాను, ఫోను గదిలోనే ఉంటుంది.’ ‘ఫోను చూడను’ అని మాత్రం రాయవద్దు, చేతికి అది ఏ పనీ చూపించదు.

మూడో పని, దూరం. ఫోను బల్ల మీద ఉన్నప్పటి కంటే వేరే గదిలో ఉన్నప్పుడు ఏకాగ్రత పరీక్షల్లో పాల్గొన్నవారు మెరుగ్గా చేశారని 2017లో టెక్సాస్ పరిశోధకులు ప్రకటించారు. తర్వాతి అధ్యయనాలన్నీ దీనితో ఏకీభవించలేదు గానీ, నా అనుభవం ఆ వైపే ఉంది. కోఠిలో ఒక అలారం గడియారం కొనుక్కొని, ఫోను ఛార్జింగు తలుపు పక్కకు మార్చండి. చదువుకోవడానికి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లండి. చుట్టూ అందరూ తలవంచి చదువుతుంటే సంచిలోని ఫోను తీయబుద్ధి కాదు. కాల్స్ తప్ప మిగతా నోటిఫికేషన్లు ఆపేయండి.

కోరిక వచ్చినప్పుడు దానితో పోరాడకుండా చూస్తూ ఉండటం కూడా అలవాటు చేసుకోవాలి. దీనికి మెట్రో మంచి చోటు. అమీర్‌పేటలో ఎక్కి పంజాగుట్ట, ఎర్రమంజిల్ దాటి ఖైరతాబాద్ వచ్చేదాకా సంచి తెరవకండి. ముందు అరచెయ్యి ఊరికే కదులుతుంది, తర్వాత ‘ఎవరైనా మెసేజ్ పెట్టారేమో’ అనిపిస్తుంది. అది అలలా లేచి, మీరేమీ చేయకపోయినా తగ్గుతుంది. తగ్గడం ఒకసారి గమనించారంటే రెండోసారి అంత భయం ఉండదు.

నిద్ర, తిండి, చదువు దెబ్బతింటున్నా ఆపలేకపోతుంటే, బతకాలనిపించకపోతే ఇవన్నీ పక్కన పెట్టి సాయం అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి వెళ్లడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఎన్నాళ్లు పడుతుందని అడుగుతారు. లండన్‌లో కొత్త అలవాట్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 254 రోజులు పట్టేలా తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా అందులోనే కనిపించింది. మా గదిలో పదకొండో రాత్రి ముగ్గురం ఫోన్లు మంచాల మీదికే తెచ్చుకున్నాం. పన్నెండో రాత్రి మళ్లీ తలుపు పక్కన పెట్టాం.