పిల్లల విరేచనాలు, ఇంట్లో సంరక్షణ – 3వ పాఠం: ప్యాకెట్టుకి ఎన్ని నీళ్లు?

ఇవాళ విరేచనాలప్పుడు ఓఆర్ఎస్‌తో పాటు ఇచ్చే జింకు మందు గురించి చెప్పాలి. కానీ పోయిన పాఠం చదివి ఓఆర్ఎస్ (నీళ్లలో కలిపి తాగించే ఉప్పు-గ్లూకోజు పొడి) కలిపినవాళ్లు అడిగినవి చూశాక, ముందు నీళ్ల లెక్క తేల్చాలి.

ఎక్కువమంది చేస్తున్నది ఇదీ: బాబు తాగేది గ్లాసుడే కదా అని లీటరు ప్యాకెట్టులోంచి రెండు చెంచాల పొడి గ్లాసులో వేయడం. దయచేసి అలా చేయకండి. అందులో ఉప్పు, గ్లూకోజు, పొటాషియం క్లోరైడు, సిట్రేటు కలిసి ఉంటాయి, చెంచాతో తీస్తే అన్నీ సమపాళ్లలో వస్తాయని నమ్మకం లేదు. పొడి ఎక్కువై చిక్కబడితే ఒంట్లో సోడియం పెరుగుతుంది, పేగు నీళ్లను ఇంకా లాగి విరేచనాలు ఎక్కువవుతాయి. పలచబడితే పోయిన ఉప్పు తిరిగి రాదు. 20.5 గ్రాముల ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో, అంతే. మిగిలిపోతుందని బాధ వద్దు, 24 గంటలు దాటాక ఎలాగూ పారబోయాలి. నేనైతే 200 మి.లీ. నీళ్లలో కలిపే చిన్న పొడి ప్యాకెట్లే కొనమంటాను. పాలలో, జ్యూసులో కలపొద్దు, పైన చక్కెర వేయొద్దు. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కావు, ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) ఫార్ములా లేని డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది కూడా.

"తాగించినా మోషన్స్ ఆగలేదు" అని మానేసినవాళ్లూ ఉన్నారు. ఓఆర్ఎస్ మోషన్స్ ఆపడానికి కాదు, పోయిన నీరు, ఉప్పు తిరిగి ఇవ్వడానికి. రెండేళ్లలోపు పిల్లలకి విరేచనం అయిన ప్రతిసారీ 50–100 మి.లీ., పైవాళ్లకి 100–200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచా చెంచాగా పట్టండి. తల్లిపాలు, పెరుగన్నం, ఇడ్లీ మానకండి. మోషన్స్ ఆపే మాత్రలు పెద్దవాళ్లవి, పిల్లలకి వద్దు.

రక్తం పడినా, బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్లు లోతుకుపోయినా, ఆరేడు గంటలుగా ఉచ్చ పోయకపోయినా, ఏది తాగినా వాంతి అవుతున్నా ఇంట్లో కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి. దారిలో కూడా, తాగగలిగితే, చెంచాతో పడుతూనే ఉండండి.

జింకు క్లుప్తంగా: ఆరు నెలలు దాటితే రోజుకి 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల మధ్య 10, మోషన్స్ తగ్గినా పూర్తిగా 14 రోజులు.

అభ్యాసం: బిడ్డ బాగున్నప్పుడే చేయండి. లీటరు నీళ్ల బాటిల్‌తో మీ ఇంట్లో గ్లాసులన్నీ కొలిచి, 200 మి.లీ. దగ్గర గీత పెట్టండి. తర్వాత 100 మి.లీ. నీళ్లు టీ చెంచాతో, నిమిషానికొకటి చొప్పున, గడియారం చూస్తూ మీరే తాగండి. ఇరవై నిమిషాలు పడుతుంది. రాత్రి రెండింటికి ఆ ఓపిక ఎవరికి ఉంటుందో ఇద్దరూ మాట్లాడుకుని వంతులు వేసుకోండి.