గంటకే గడువు తీరిన కీ

రాత్రిపూట నడిచే నా పైథాన్ స్క్రిప్టు గంట దాటగానే టోకెన్ గడువు ముగిసిందంటూ ఆగిపోయేది. నెట్‌వర్క్‌ని తిట్టుకుంటూ రెండు రోజులు పోగొట్టాను. తప్పు నాదే. అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్)తో పనిచేయడానికి వాడే పైథాన్ లైబ్రరీ బోటో3. దాని సెషన్ ఇచ్చిన క్రెడెన్షియల్స్‌ (లాగిన్ వివరాల) ఆబ్జెక్టులోంచి యాక్సెస్ కీ, సీక్రెట్ కీ, సెషన్ టోకెన్ మూడూ మొదట్లోనే తీసి నా క్లాసులో దాచుకున్నాను. అస్యూమ్ రోల్‌తో, అంటే కొంతసేపు వేరే రోల్ అనుమతులు తీసుకునే పద్ధతిలో, వచ్చే తాత్కాలిక కీలకు, మనం వేరే చెప్పకపోతే, 3600 సెకన్లే ఆయుష్షు. బోటో3 ఇచ్చిన అసలు క్రెడెన్షియల్స్ ఆబ్జెక్టు తనంతట తాను కొత్తవి తెచ్చుకుంటుంది. నా కాపీకి ఆ సంగతి ఎవరు చెప్తారు?

ఇప్పుడు ఆబ్జెక్టునే ఉంచుకుని, ప్రతి రిక్వెస్టుకూ ఆ కీలతో డిజిటల్ సంతకం చేసే ముందు గెట్_ఫ్రోజెన్_క్రెడెన్షియల్స్‌ని పిలుస్తున్నాను. మూడింటినీ విడివిడిగా చదివితే మధ్యలో రిఫ్రెష్ జరిగి పాత కీ, కొత్త సీక్రెట్ కలిసిపోవచ్చు. ఇదైతే మూడూ ఒకే విడతవి ఇస్తుంది. పనిలో పనిగా, క్లాసుని ప్రింట్ చేస్తే సీక్రెట్ బదులు చుక్కలే కనిపించేలా మార్చాను. లాగ్ తెరిచి చూసినప్పుడు సీక్రెట్ అందులో కనిపించి గుండె గుభేలుమంది మరి.