డ్రైవర్ల నిద్ర–మెలకువ, 7వ పాఠం: రాసింది చేరిందా?

లినక్స్ కెర్నెల్లో డ్రైవరు, అంటే ఒక పరికరాన్ని నడిపే కోడు, పని లేనప్పుడు ఆ పరికరాన్ని ఎలా పడుకోబెట్టాలో, ఎలా లేపాలో ఈ పాఠాల్లో చూస్తున్నాం. ఈ వారం సిస్టమ్ సస్పెండ్ (సిస్టమ్ మొత్తం పడుకోవడం) దశలు మొదలుపెట్టాలనుకున్నాను. అది వచ్చే వారానికి జరిపాను. "రిజిస్టరు ముట్టుకునే ముందు గెట్, ముట్టుకున్నాక పుట్" అని ఆరో పాఠంలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. రిజిస్టరు అంటే పరికరం లోపల మనం చదివే, రాసే గడి. గెట్ అంటే పరికరాన్ని లేపి, వాడేవాళ్ళ లెక్కలో ఒకటి కలపడం. పుట్ అంటే ఒకటి తీసెయ్యడం, లెక్క సున్నా అయితే పరికరం పడుకోవచ్చు. మీరు పొల్లుపోకుండా అలాగే చేశారు. అయినా బోర్డులు పడిపోతున్నాయి. ఆమదాలవలస తమ్ముడు, చీపురుపల్లి చెల్లెలు, రాజాం నుంచి ఇద్దరు స్నేహితులు లాగులు (కెర్నెల్ సందేశాల చిట్టాలు) పంపారు. అన్నీ కూర్చుని చదివాను. దెబ్బలు మూడు రకాలు. మొదటి రెండూ బేగి తేల్చేస్తాను. మూడోదాని దగ్గర కూర్చోవాలి, అది నేను చెప్పకుండా వదిలేసిన మాట వల్ల వచ్చింది. ఫంక్షన్ల పేర్లు తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, కోడులో మీరు పోల్చుకోగలరు.

మొదటిది. పీఎం_రన్‌టైమ్_గెట్_సింక్ ఏం తిరిగిచ్చిందో ఎవరూ చూడలేదు. పరికరం లేవకపోతే అది మైనస్ అంకె ఇస్తుంది, కానీ లెక్క మాత్రం ఒకటి పెంచేసే ఉంచుతుంది. మీరు చూడకుండా ముందుకెళ్ళి, నిద్రలోనే ఉన్న పరికరాన్ని ముట్టుకున్నారు. కెర్నెల్ 5.10 నుంచి పీఎం_రన్‌టైమ్_రిజ్యూమ్_అండ్_గెట్ ఉంది, విఫలమైతే లెక్క అదే తగ్గిస్తుంది. నేను ఇక అదొక్కటే వాడతాను, మీరూ అదే వాడండి. మైనస్ 13 వచ్చిందంటే ఆ పరికరానికి రన్‌టైమ్ పీఎం (సిస్టమ్ నడుస్తుండగానే ఒక్కో పరికరాన్ని పడుకోబెట్టి లేపే ఏర్పాటు) ఆపేసి ఉందని అర్థం. ప్రోబులో (పరికరం దొరకగానే నడిచే ఫంక్షన్లో) ఎనేబుల్ చెయ్యడం మరిచిపోయారేమో ముందు చూడండి.

రెండోది. ఇంటరప్టు (పరికరం సీపీయూని పిలిచే సంకేతం) లైను పంచుకున్న డ్రైవర్లు. పక్క పరికరం గంట కొడితే మీ హ్యాండ్లర్ (ఆ పిలుపుకి పలికే ఫంక్షన్) కూడా నడుస్తుంది. అప్పటికి మీ పరికరం నిద్రలో ఉంటే, స్టేటస్ రిజిస్టరు చదవడమే ప్రాణం మీదికొస్తుంది. హ్యాండ్లర్ మొదట్లో పీఎం_రన్‌టైమ్_గెట్_ఇఫ్_యాక్టివ్ అడగండి. సున్నా గానీ మైనస్ గానీ వస్తే రిజిస్టరు జోలికి పోకుండా "నాది కాదు" అని తిరిగొచ్చేయండి. దొరికితే, పోయేటప్పుడు పుట్ చెయ్యండి.

ఇక మూడోది. చీపురుపల్లి చెల్లెలి లాగులో మొదటి వరుసలోనే ఎస్ఎర్రర్ (ఆలస్యంగా అందే తప్పు కబురు) అని ఉంది. బ్యాక్‌ట్రేసు (సీపీయూ ఏ ఫంక్షన్ల గుండా వచ్చిందో చూపే జాబితా) చూస్తే ఈథర్నెట్ డ్రైవరు. ఆవిడ రాసింది సెన్సరు డ్రైవరు. నాలుగు రోజులు ఈథర్నెట్ కోడులో వెతికిందట. నేనూ ఇలాగే ఒక ఉద్యోగంలో వారం పోగొట్టుకున్నాను, అందుకే ఈ విషయం నాకు అంత బాధ.

బ్యాక్‌ట్రేసు చదివేముందు ఎర్రరు ఏ జాతిదో చూడండి. ఆర్మ్ 64లో "సింక్రనస్ ఎక్స్‌టర్నల్ అబార్ట్" అని ఉండి, పక్కన హెక్సులో 96000210 ఉంటే అది నమ్మదగిన సాక్షి. చివరి 10 అంటే బస్సు (సీపీయూకీ పరికరానికీ మధ్య దారి) అవతల నుంచి తప్పు వచ్చిందని. ఆరో బిట్టు సున్నా కాబట్టి అది చదవడం. రాయడమైతే 96000250 అయ్యేది. ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగిందో ఆ ఇన్‌స్ట్రక్షనే కారణం. పాత 32 బిట్ల బోర్డుల్లో, బీగిల్‌బోన్ లాంటివాటిలో, క్లాకు ఆగిన జీపీఐఓని (పిన్నులు నడిపే భాగాన్ని) చదివితే హెక్సులో 1028 అంకెతో వచ్చే అబార్ట్ దీని అన్నయ్య. ఎస్ఎర్రర్ అలా కాదు, 32 బిట్లలో "ఇంప్రిసైజ్" అని వచ్చేది కూడా అలా కాదు. అక్కడ బ్యాక్‌ట్రేసు చెప్పేది తప్పు కబురు అందిన సమయానికి సీపీయూ ఏ పనిలో ఉందన్నదే. తప్పు చేసినవాడి పేరు అందులో ఉండకపోవచ్చు.

ఎందుకంటే రైట్ఎల్, అంటే రిజిస్టర్లో రాసే పిలుపు, ఒక ఉత్తరం. సీపీయూ దాన్ని ఇంటర్‌కనెక్టుకి (చిప్పు లోపలి ఆ దారికి) అందిస్తుంది. ఇంటర్‌కనెక్టు తన బఫరులో వేసుకుని "అందింది" అనేస్తుంది. పరికరానికి చేరిందని కాదు, తన చేతికి అందిందని. సీపీయూ తర్వాతి వరుసకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాతి వరుసలో మీరు రాసింది పుట్_సింక్. క్లాకు ఆగింది, పవర్ డొమైన్ పడిపోయింది. ఉత్తరం ఇంకా దారిలోనే ఉంది. చచ్చిన ఇంటికి చేరి, తలుపు తీసేవాడు లేక, తప్పు కబురుగా వెనక్కొచ్చింది. అప్పటికి సీపీయూ ఈథర్నెట్ ప్యాకెట్లు చూసుకుంటోంది.

మా నాన్న బొబ్బిలి దగ్గర ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్లో షిఫ్టు ఆపరేటరు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఫోను చేసి ఎల్‌సీ (లైన్ క్లియర్, ఆ లైన్లో కరెంటు ఆపామన్న హామీ) తీసుకుంటాడు, పని అయ్యాక తిరిగిస్తాడు. రిజిస్టర్లో పేరు, టైము. ఒక ఫీడరు మీద ఇద్దరు తీసుకుంటే ఇద్దరూ తిరిగిచ్చేదాకా నాన్న ఛార్జి చేసేవాడు కాదు. "బాబూ, మా పని అయిపోనాది, ఆడిదీ అయిపోయుంటాది" అని ఒకడంటే "ఆడి చేతే ఫోను చేయించు" అని పెట్టేసేవాడు. అక్కడ ఎల్‌సీ అంటే కరెంటు ఆపడం, ఇక్కడ గెట్ అంటే కరెంటు నిలపడం. దిశ ఎదురు, లెక్క ఒకటే: తీసుకున్నవాడే తిరిగివ్వాలి. కానీ నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతిది. ఎల్‌సీ ఇచ్చే ముందు నాన్న బ్రేకరు తీస్తే ప్యానెలు మీద పచ్చ దీపం వెలిగేది. అది చూసి ఏనాడూ "ఎక్కండి" అనలేదు. వానలో కూడా టార్చి పట్టుకుని యార్డులోకి వెళ్ళి, ఏబీ స్విచ్చి (లైన్ని కంటికి కనబడేలా విడదీసే స్విచ్చి) మూడు బ్లేడ్లూ విడిపోయాయని కళ్ళతో చూసి, తడిసిన చొక్కాతో వచ్చి అప్పుడు ఫోను తీసేవాడు.

రైట్ఎల్ ఆ పచ్చ దీపం. రీడ్ఎల్, అంటే రిజిస్టరు చదివే పిలుపు, టార్చి.

పుట్ చేసే ముందు, రాసిన పరికరంలోనే ఒక రిజిస్టరు చదవండి. ముందు రాసినవి చేరితే తప్ప ఆ చదువుకి జవాబు రాదు. జవాబు వచ్చేదాకా సీపీయూ ఆగుతుంది. రాజాం స్నేహితులు రీడ్ఎల్ పెట్టారు గానీ పక్కనున్న క్లాకు కంట్రోలరు రిజిస్టరు చదివారు. అది వేరే ఇల్లు, మీ ఉత్తరం సంగతి దానికి తెలియదు. మరో జాగ్రత్త: చదివితే చెరిగిపోయే స్టేటస్ రిజిస్టరునీ, ఫిఫోనీ (బైట్లు వరుసలో నిలబడే చోటు) ఎంచుకోవద్దు, ఒక ఇంటరప్టో ఒక బైటో మాయమవుతుంది. నేను ఎప్పుడూ ఇప్పుడే రాసిన కంట్రోలు రిజిస్టరునే మళ్ళీ చదువుతాను.

చేరడం వేరు, ఆగడం వేరు. "డీఎంఏ ఆపు" అన్న బిట్టు చేరినా, డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా మెమొరీకి డేటా చేరవేసే భాగం) చేతిలో ఉన్న బదిలీ ముగించాకే ఆగుతుంది. అక్కడ ఒక్కసారి చదవడం చాలదు. రీడ్ఎల్_పోల్_టైమవుట్‌తో బిజీ బిట్టు సున్నా అయ్యేదాకా చూడండి. టైమవుట్ అయితే సస్పెండ్ కాల్‌బ్యాక్ (పరికరాన్ని పడుకోబెట్టే ఫంక్షన్) నుంచి ఈబిజీ ("ఇంకా పనిలో ఉంది" అనే ఎర్రరు అంకె) తిరిగివ్వండి, పరికరం మెలకువగానే ఉండిపోతుంది.

ఆమదాలవలస తమ్ముడు ప్రింట్‌కె (కన్సోలు మీద సందేశం రాసే పిలుపు) గురించి రాశాడు: "అన్నయ్యా, ప్రింట్‌కె పెట్టగానే తప్పు పోయింది, అలాగే ఉంచేశాను." తమ్ముడూ, అది తీసెయ్. నీ సీరియల్ కన్సోలు వేగం సెకనుకి 115200 బిట్లు, అక్షరానికి పది బిట్లు, అంటే సెకనుకి 11,520 అక్షరాలు. ఎనభై అక్షరాల వరుస బయటికి పోవడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు. ఆ 7 మిల్లీసెకన్లలో ఉత్తరం నింపాదిగా చేరిపోయింది, అంతే. రేపు ఎవరో కన్సోలు ఆపేసిన రోజు తప్పు తిరిగొస్తుంది. ఎండిలే (ఊరికే కాసేపు ఆగే పిలుపు) పెట్టి దాచడం కూడా ఇదే. తప్పుని దాచే పని మానేసి బయటికి లాగండి. ఆటోసస్పెండ్_డిలే_ఎంఎస్ (పని అయ్యాక పడుకునే ముందు ఆగే సమయం) సున్నా చెయ్యండి, పరికరం పని అయిన వెంటనే పడుకుంటుంది, రోజుకోసారి వచ్చే తప్పు నిమిషానికోసారి వస్తుంది. ప్రింట్‌కె బదులు ఎఫ్‌ట్రేసులో (కెర్నెల్ తన జాడలు రాసుకునే చోట) ఆర్‌పీఎం (రన్‌టైమ్ పీఎం) ఈవెంట్లు తెరవండి, అవి మెమొరీలోకే రాస్తాయి కాబట్టి సమయాన్ని అంతగా చెదరగొట్టవు. సీరియల్ తీగ లేకుండా ఈ పని మొదలుపెట్టనే వద్దు.

కొన్ని బోర్డులు అబార్ట్ కూడా ఇవ్వవు, నిశ్శబ్దంగా బిగుసుకుపోతాయి. పీసీఐ మీద డీ3 అనే నిద్ర స్థితిలో ఉన్న కార్డు రిజిస్టర్లని చదివితే సాధారణంగా ఎనిమిది ఎఫ్‌లు వస్తాయి. అన్ని బిట్లూ ఒకట్లే అయితే అది విలువ అనుకోకండి, కార్డు పలకలేదని తీసుకోండి.

అభ్యాసం. మీ డ్రైవరులో ప్రతి పుట్ పిలుపునీ కాగితం మీద రాసుకోండి. ఒక్కోదాని ఎదురుగా మూడు గడులు: దానికి ముందు జరిగిన చివరి రైట్ఎల్ ఏది, ఆ తర్వాత అదే పరికరం నుంచి రీడ్ఎల్ ఉందా, ఎర్రరు దారిలో గెట్–పుట్ లెక్క సరిపోతుందా. ఎర్రరు దారులు వదిలెయ్యకండి. తర్వాత బూటు వరుసలో నో_కన్సోల్_సస్పెండ్ (కన్సోలు పడుకోకుండా ఉంచేది) పెట్టి, పీఎం_ఎసింక్ (పరికరాలని ఒకేసారి పడుకోబెట్టే సదుపాయం) సున్నా చేసి, పీఎం_టెస్టులో (సస్పెండ్ని మధ్యలో ఆపి పరీక్షించే ఫైల్లో) "డివైసెస్" రాసి 200 సార్లు సస్పెండ్ చెయ్యండి. ప్రతిసారీ 5 సెకన్లు ఆగి తనే లేస్తుంది, కాబట్టి పావుగంట దాటుతుంది. తర్వాత మీరు పెట్టిన రీడ్ఎల్‌లలో ఒకటి తీసేసి మళ్ళీ 200. పడిపోతే, బ్యాక్‌ట్రేసులో ఎవరి పేరు వచ్చిందో చూసి లాగు మొదటి వరుస నుంచి పంపండి, చివరి పేజీ ఒక్కటే వద్దు. కాగితం ఫోటో కూడా జతచెయ్యండి, నేను ముందు చూసేది అదే.